కార్పొరేటరు గారు పడుకున్నారు

ఆ మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు మా మేనత్త పొయ్యి మీంచి ఎండు నెత్తళ్ళ చేపల పులుసు దించింది. రోజూ ఆ వేళకే దించేది. అయితే ఆ రోజు, పులుసు వాసన సులువుగా చేరగలిగే దూరంలో, కమ్యూనిటీ హాల్లో, మా వార్డు కార్పొరేటరు ఘెరావులో ఉన్నాడు. ఘెరావు చేసింది మా వీధి. పథకం నాది. పులుసూ ప్రజా ఉద్యమమూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు.

ఆ రోజుల్లో నాకు రాతపూర్వకమైన ప్రతిదాని మీదా నమ్మకం ఉండేది. (ఆ రోజులంటే మరీ పాత రోజులు కావు. సెల్‌ఫోన్లూ సెల్ఫీలూ వచ్చేశాక జరిగిన కథే ఇది. కానీ ఇంట్లో ఒక మనిషి పోయాక, ఆ మనిషి ఉన్న కాలమంతా ఒక్కసారిగా ‘ఆ రోజులు’ అయిపోతుంది.) రాజనీతి శాస్త్రంలో డిగ్రీ చేసి, పూర్ణా మార్కెట్ దగ్గర ఒక జిరాక్సు, ఇంటర్నెట్ షాపులో పని చేస్తూండేవాణ్ణి. అమ్మా నాన్నా పెందుర్తిలో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయినా, పనికి దగ్గరని నేను వన్ టౌన్ చివర, సముద్రం ఒడ్డున ఉన్న అత్త ఇంట్లోనే ఉండిపోయాను. పౌరుడు తన హక్కులు తెలుసుకుని, సరైన అధికారికి, సరైన నమూనాలో, సరైన భాషలో విన్నవించుకుంటే ప్రభుత్వం కదులుతుందని నమ్మేవాణ్ణి. కదలకపోతే తప్పు నమూనాలో ఉందనుకుని మళ్ళీ టైపు చేసేవాణ్ణి.

గొడవంతా ఒక గచ్చు గురించి. మా వీధి చివర, ఇసుక మొదలయ్యే చోట, ఎప్పుడో ఎవరో వేయించిన వెడల్పాటి సిమెంటు గచ్చు ఒకటి ఉండేది. అత్తా, చుట్టుపక్కల ఆడవాళ్ళూ దాని మీద చేపలు ఎండబెట్టేవారు. ఇసుకలో ఎండిన చేప వేరు, గచ్చు మీద ఎండిన చేప వేరు. పళ్ళ కింద ఇసుక పడని చేపనే మార్కెట్లో అడిగి మరీ కొంటారు. మావయ్య పోయిన తరవాత మా బావను, అంటే అత్త కొడుకును, పెంచి పెద్దచేసింది అత్తే అని అందరూ అంటారు. అత్త మాత్రం ఆ గచ్చు పెంచిందని చెప్పేది.

ఆ గచ్చు మీద మా కార్పొరేటరు కన్ను పడింది. మా వీధి ఆయనకు పెట్టిన పేరు కత్తెర గారు. ప్రారంభోత్సవాలంటే ఆయనకు ప్రాణం. రిబ్బను కోయడానికి సొంత కత్తెర లాల్చీ జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఆటో స్టాండు, ట్రాన్స్‌ఫార్మరు, బెంచీ, దేన్నీ వదల్లేదు. అంతకుముందు ఇంకొకరు ప్రారంభించిన కుళాయిని కూడా మళ్ళీ ప్రారంభించాడు. (నీళ్ళు రెండుసార్లూ రాలేదు.) గచ్చు ఉన్నచోట సెల్ఫీ పాయింటు వస్తుందని ఒకనాడు మైకులో ప్రకటించాడు. మనిషెత్తు అక్షరాలతో మా పేట పేరు, పక్కన ఎర్రటి గుండె, రంగురంగుల దీపాలు. పర్యాటకులు వస్తారన్నాడు. వచ్చి ఏం చూస్తారని ఎవరో అడిగితే, ‘మత్స్యకారుల జీవన విధానం’ అని జవాబు చెప్పాడు. దీపాలు పెట్టే ముందు ఆ జీవన విధానాన్ని ఎక్కడికి తరలిస్తారో చెప్పలేదు.

నేను రంగంలోకి దిగాను. సోమవారం అర్జీల రోజు వెళ్ళి, వరసలో నిలబడి, అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. కొద్ది రోజులకు ఫోనుకు సందేశం వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడినది. ఎలా పరిష్కరించారో కనుక్కుంటే, వీధి దీపం బాగుచేసినట్టు నమోదై ఉంది. మా వీధి చివర దీపమే లేదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. సదరు గచ్చు రికార్డులలో లేనందున దానిని తొలగించు ప్రశ్న ఉత్పన్నం కాదని జవాబు వచ్చింది. నేను దాన్ని విజయంగా భావించి పరిగెత్తుకుంటూ వెళ్ళి అత్తకు చదివి వినిపించాను.

“లేదని రాసినారా?” అంది అత్త, చేపలు తిరగేస్తూ.

“అవునత్తా. లేనిదాన్ని తీయలేరు కదా.”

“మరి నాను దేని మీద ఎండబెడతన్నానురా?”

ఇంటర్నెట్లో సంతకాల సేకరణ మొదలుపెట్టాను. మా వీధివాళ్ళలో చాలామందికి ఆ పేజీ తెరుచుకోలేదు గానీ, ఎక్కడెక్కడివాళ్ళో సంతకాలు పెట్టారు. వాళ్ళలో కొందరు చేపల్ని చంపడం మానేస్తేనే మా పోరాటానికి మద్దతని షరతు పెట్టారు. ఎమ్మెల్యే గారి పేజీలో గోడు వెళ్ళబోసుకుంటే రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి జవాబుగా వచ్చింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పేజీవాళ్ళు చాలా మర్యాదస్తులు. ఆ తరవాత నా పుట్టినరోజుకు శుభాకాంక్షలు కూడా పంపారు.

చివరికి ఒక సాయంత్రం అత్త నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“కాయితాలిచ్చి ఇచ్చి ఆ ఆఫీసోళ్ళకి పకోడీలు కట్టుకోడానికి లోటు లేకండా సేత్తన్నావ్. కాయితానికి మొకముంటాదేట్రా? మడిసిని కూకోబెట్టాల. కూకోబెట్టి మొకం సూసి అడగాల.”

“దాన్ని ఘెరావు అంటారత్తా,” అన్నాను, ఉత్సాహంగా.

“ఏటంటే ఏటి. కూకోబెట్టాల.”

బావ అప్పుడే హార్బరు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. “నువ్వు ముందుండు బావా,” అన్నాడు నాతో. “నీకు సట్టం తెలుసు. పోలీసోళ్ళొస్తే నువ్వు మాటాడతావు, నాను పరిగెడతాను.”

శంకుస్థాపనకు కత్తెర గారు వచ్చే రోజు ఖాయమైంది. అందుకు నేను చేసిన ఏర్పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. డిమాండ్ల పత్రం తయారుచేశాను. ‘గచ్చును శాశ్వతంగా మత్స్యకార మహిళల వినియోగానికే ఉంచవలెను’ అని రాసి, ‘శాశ్వతంగా’ కింద గీత గీశాను. కార్పొరేటరు సంతకానికి కింద ఖాళీ వదిలాను. నినాదాలు కూడా రాశాను. ‘ప్రజాభిప్రాయాన్ని గౌరవించని ప్రగతి మాకొద్దు’ అన్నది నా దృష్టిలో అన్నిటికంటే గొప్పది. సాధన చేయించబోతే, మా పక్కింటి ఆవిడ మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగి, “ఇది అరిసీలోపల ఆడు ఎల్లిపోతాడు నాయినా,” అంది.

ఒక్క సంగతి మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు. మా పేటలో ఒక పద్ధతి ఉంది. అన్నం వేళకు గడప దగ్గర ఎవరున్నా సరే, వాళ్ళకు కంచం పెట్టాకే ఇంట్లోవాళ్ళు తినాలి. పడవ వచ్చినప్పుడు ఒడ్డున నిలబడ్డ మనిషిని వట్టి చేతులతో పంపరు. సముద్రం చూస్తూంటుందని నమ్మకం. ఈ పద్ధతికి శత్రువు, మిత్రుడు అన్న భేదం లేదు. ఒకసారి మా కరెంటు కనెక్షను కోయడానికి వచ్చిన మనిషి కూడా మా ఇంట్లో భోంచేసి, చేయి కడుక్కుని, కూర బాగుందని చెప్పి, ఆ తరవాతే కోసి వెళ్ళాడు.

ఆ రోజు కత్తెర గారు రాగానే ఆడవాళ్ళు చుట్టూ చేరి, గచ్చు వైపు పోనివ్వకుండా కమ్యూనిటీ హాల్లోకి నడిపించారు. తలుపు దగ్గర గంపలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆయన వెంట వచ్చిన అనుచరుడొకడు, మోటారు సైకిలు దిగకుండానే రాజకీయాలు నడిపేవాడు, స్టేషనుకు ఫోను చేశాడు. ఎస్సై గారు భోజనానికి వెళ్ళారన్నారు. దాంతో తనకూ భోజనం గుర్తొచ్చినట్టుంది, మోటారు సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. కత్తెర గారు మాత్రం ఏమీ కంగారుపడలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, లాల్చీ సర్దుకుని, “కూకోమంటే కూకుంటానమ్మా. నాకేటి, ఫేనుంది,” అన్నాడు.

నేను పత్రం తీసి చదవడం మొదలుపెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నాడు. నేను రెండో పేజీలోకి వెళ్ళేసరికి, గోడ అవతల నుంచి పులుసు వాసన వచ్చింది. ఆయన కళ్ళు తెరిచాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తెల్లవారుజామున లేచి చేపల పని చూసుకుని వచ్చినవాళ్ళు. అందరికీ ఆకలిగానే ఉంది. కానీ ఆయన తినకుండా వీళ్ళు తినడానికి లేదు. ఆయనను పంపకుండా ఆయన ఇంటికెళ్ళి తినడానికి లేదు. రాజనీతి శాస్త్రంలో ఇలాంటి ప్రతిష్టంభనకు పరిష్కారం లేదు. మా అత్త దగ్గర ఉంది. పులుసు దించి అప్పుడే వచ్చి కూర్చున్నదల్లా లేచి వెళ్ళి కంచం తెచ్చింది.

“అత్తా, ఇది ఘెరావు,” అన్నాను, చెవిలో.

“అయితే? ఘెరావంటే కడుపు మాడ్సడమేటి?”

కత్తెర గారు నా వైపు తిరిగి, “తినొచ్చా బాబూ? నువ్వు సదువుకున్నోడివి. రూల్సేటున్నాయి?” అని చాలా వినయంగా అడిగాడు. ఆ విషయమై రూల్సు ఏమీ లేవని ఒప్పుకోవలసి వచ్చింది.

ఆయన తిన్నాడు. తినడం కాదు, దీక్షగా తిన్నాడు. మొదటిసారి అన్నం కలుపుకున్నప్పుడు “బాగుందమ్మా” అన్నాడు. మారు వడ్డించాక “ఏటేసినావమ్మా ఇందులో?” అని అడిగాడు. మూడోసారికి కంచం తనే ముందుకు జరిపి, “ఇంకొంచెమెయ్యి అప్పా,” అన్నాడు. అమ్మా అన్న పిలుపు ఓటున్న ఆడవాళ్ళందరికీ ఉంటుంది. అప్పా అంటే అక్కా అని. ఆ పిలుపు పులుసుకు వచ్చింది. ఆ తరవాత ఆయన చేయి కడుక్కుని, గోడవారన పరిచి ఉన్న చాప చూసి, “ఒక్క నిమసం నడుం వాలుస్తాను,” అని పడుకున్నాడు. నిమిషంలో గురక పెట్టాడు.

ఇదే సరైన సమయమనుకుని నేను పిడికిలి పైకెత్తి నా గొప్ప నినాదం అందుకున్నాను. ‘ప్రజాభిప్రాయాన్ని’ దాకా వచ్చానో లేదో, అత్త నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

“ఒరే, మెల్లగా. తిని పడుకున్నోణ్ణి లేపితే పాపం తగులుతాది.”

“మరి నినాదాలు?”

“అరవండి. మెల్లగా అరవండి.”

మెల్లగా అరిచాం. బహుశా ఈ దేశంలో గుసగుసగా నినాదాలు చేసిన ఉద్యమం మాదొక్కటే. పెదవుల దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని నేను ‘ప్రగతి మాకొద్దు’ అనడం, వాళ్ళు ‘మాకొద్దు మాకొద్దు’ అని చంటిపిల్లకు జోల పాడినట్టు అందుకోవడం. ఇంతలో కరెంటు పోయింది. ఆయన అటూ ఇటూ కదిలేసరికి, పక్కింటి ఆవిడ ఉండబట్టలేక విసనకర్ర అందుకుంది. అదే సమయంలో, నేను స్వయంగా ఫోను చేసి రమ్మన్న లోకల్ ఛానల్ కుర్రాడు కెమెరాతో వచ్చాడు. పోరాటాన్ని ప్రపంచానికి చూపించాలని పిలిచాను. అతను చూపించాడు. చాప మీద నాయకుడు, చుట్టూ సద్దు చెయ్యకుండా కూర్చున్న ఆడవాళ్ళు, విసురుతున్న విసనకర్ర, ఒక మూల చేతులు కట్టుకుని నేను. సాయంత్రం వార్తల్లో కింద అక్షరాలు నడిచాయి: పేదల మధ్య సేదతీరిన ప్రజానాయకుడు. ఆ వీడియోను జిల్లా అంతా చూసిందని, పార్టీ పెద్దలు కత్తెర గారిని ప్రత్యేకంగా మెచ్చుకున్నారని తరవాత తెలిసింది. పౌరులు తమ ప్రతినిధి మీద ఒత్తిడి తేవడానికి ఉన్న మార్గాల్లో ఇదొకటని నేను ఇప్పటికీ ఎవరికీ సలహా ఇవ్వను.

ఎండ తగ్గాక ఆయన లేచాడు. టీ ఇచ్చారు. టీ తాగుతున్నప్పుడు అత్త ఎదురుగా కూర్చుంది. కాగితం లేదు, నినాదం లేదు.

“తమ్ముడూ, ఇందాక తిన్నావే సేప, అది ఆ గచ్చు మీద ఎండినాది. నా కొడుకు తిన్న కూడు దాని మీదిదే. ఇయాల నువ్వు తిన్నదీ దాని మీదిదే. దాన్ని తవ్వీస్తానంటే తవ్వీ. మరి రేపు నాను నీకేటి పెట్టాల?”

ఆయన తాగబోతున్న గ్లాసు కింద పెట్టి దానిలోకే చూశాడు. ఆయన నటించాడని నేను అనుకోను. తిన్న తిండి ఒంట్లో ఉండగా అబద్ధం చెప్పడం ఆయనకు కూడా కష్టమే అయివుంటుంది.

“సరే అప్పా. నువ్వు బతికున్నన్నాళ్ళూ ఆ గచ్చు మీద సెయ్యెయ్యను. సాలా?”

“సాలు,” అంది అత్త.

“అత్తా, సంతకం,” అన్నాను. “ఇక్కడ శాశ్వతంగా అని రాశాను.”

వీధంతా నవ్వింది. కత్తెర గారు కూడా నవ్వాడు. “సాస్వతంగా ఏటుంటాదిరా, పిచ్చి గుంటడా,” అంది అత్త. “నోటిమాట సాలు. లోపలెట్టీ ఆ కాయితం.” మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆయన మాట మీద నిలబడ్డాడు. శంకుస్థాపన రాయి మా వీధి మొదట్లో గోడకు ఆనించి ఉండిపోయింది, దాని మీద పిల్లలు కూర్చునేవారు. గచ్చు మీద నెత్తళ్ళు ఎండుతూనే ఉన్నాయి. కాకపోతే ఒక చిన్న ఇబ్బంది. నెలకోసారి, ఒక్కోసారి ఇంకా ముందే, కత్తెర గారు “అప్పా, ఏటొండినావ్?” అంటూ భోజనాల వేళకు దిగేవాడు. స్వేచ్ఛను నిలబెట్టుకోవాలంటే ఎడతెగని అప్రమత్తత కావాలని నేను చదివాను. మా ఇంట్లో దానికి కావలసింది చింతపండు. అత్త జ్వరంతో ఉన్న రోజున కూడా లేచి పులుసు పెట్టింది. “నేను చేస్తానులే అత్తా” అంటే, “నువ్వొండితే గచ్చు పోతాదిరా” అనేది. అది హాస్యమనే అనుకునేవాణ్ణి.

అత్త పోయింది. పెద్ద జబ్బేమీ కాదు, చేపలు తిరగేసి వచ్చి, నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. పదకొండో రోజు భోజనానికి కత్తెర గారు వచ్చాడు. అత్త ఫోటో ముందు నిలబడి నిజంగానే ఏడ్చాడు. భోంచేశాడు. చేయి కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున్నే గచ్చు దగ్గరకు కొలతల టేపు పట్టుకుని మనుషులొచ్చారు.

పదకొండు రోజుల తరవాత బావ ఆ తెల్లవారుజామునే మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళాడు. వీధంతా మళ్ళీ ఒక్కటైంది. ఈసారి నేను పత్రం రాయలేదు, నినాదాలు రాయలేదు, ఛానల్ కుర్రాణ్ణి పిలవలేదు. అనుభవం మీద నేర్చుకున్నవాణ్ణి. బావ భార్య, వరసకు నాకు చెల్లెలు, అత్త దగ్గర నేర్చుకున్నట్టే ఎండు నెత్తళ్ళ పులుసు పెట్టింది. కొలతలు చూసుకోవడానికి వచ్చిన కత్తెర గారిని ఆడవాళ్ళు అదే హాల్లో, అదే కుర్చీలో కూర్చోబెట్టారు. ఒంటిగంట దాటాక కంచం ముందు పెట్టారు. ఆయన దాని వంక ఆశగానే చూశాడు. తరవాత కంచం పక్కకు జరిపి, సంచీలోంచి చిన్న స్టీలు క్యారియరు తీశాడు. అందులో రెండు పుల్కాలూ, ఉప్పులేని సొరకాయ కూరా ఉన్నాయి.

“బీపీ అమ్మా. ఎండు సేప ముట్టుకోవద్దన్నాడు డాక్టరు,” అన్నాడు.

అమ్మా అన్నాడు. ఆయన పుల్కాలు తిని, మూత పెట్టుకుని, పడుకోకుండా లేచి నిలబడ్డాడు. “అప్పకిచ్చిన మాట తప్పలేదు నాను,” అన్నాడు గుమ్మం దగ్గర. అది నిజమే. నేను చూసిన ప్రజాప్రతినిధుల్లో ఇచ్చిన మాటను అంత అక్షరాలా నిలబెట్టుకున్నవాడు ఇంకొకడు లేడు. గంపలు పక్కకు తీసి దారిచ్చారు.

ఆ కమ్యూనిటీ హాలు మీదుగా వెళ్ళినప్పుడల్లా నాకు ఆ మొదటి మధ్యాహ్నం గుర్తొస్తుంది. నిద్రపోతున్న మనిషి చుట్టూ గుసగుసగా ప్రజాస్వామ్యాన్ని కోరుతున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. జేబులో మడిచిన కాగితం, అందులో గీత గీసిన ఒక్క మాట. వీధంతా నవ్వినప్పుడు అతను కూడా సిగ్గుపడి నవ్వాడు. నవ్వకుండా ఇంకొంచెంసేపు పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఏమీ అయ్యేది కాదనే అనుకుంటాను. రికార్డుల్లో లేని గచ్చుకు సంతకం మాత్రం ఏం కాపలా కాస్తుంది. అత్త కాసింది.

సెల్ఫీ పాయింటు బాగానే ఉంది. ఆయనే తన కత్తెరతో ప్రారంభించాడు. ఉప్పుగాలికి గుండె కొంచెం తుప్పు పట్టింది. ఆదివారాలు జనం వచ్చి ఫోటోలు తీసుకుంటారు. చెల్లెలు ఇసుకలో పాత వల పరిచి నెత్తళ్ళు ఎండబెడుతోంది. పళ్ళ కింద ఇసుక పడుతోందని మార్కెట్లో వంక పెడతారు. నాయకులెవరైనా వీధిలోకి వస్తే కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు. అన్నం పెట్టడం మానేశారు.